నీటిని కొలవకుండా చేపను కాపాడలేం

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు తూర్పు తీరంలో మరపడవలూ మోటారు బోట్లూ వేటకు వెళ్లవు. ఇచ్ఛాపురం మొదలు తడ దాకా రేవుల్లో లంగరు వేసిన బోట్ల పక్కన వలలు బాగుచేసుకుంటూ మత్స్యకారులు ఆ రెండు నెలలూ గడుపుతారు. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వాటిని వాటి మానాన వదిలేస్తే సంతతి పెరిగి, మిగిలిన పది నెలల వేట నిలబడుతుందన్నది ఈ నిషేధం వెనుక ఉన్న ఆలోచన. 2015 నుంచి దీన్ని 61 రోజులకు పెంచారు. ఆ రోజులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో కుటుంబానికి రూ.10 వేల నుంచి రూ.20 వేలకు పెరిగింది. రెండూ మంచి నిర్ణయాలే. అయితే చేప ఎప్పుడు గుడ్లు పెడుతుంది, ఏ లోతులో తిరుగుతుంది, ఎలాంటి నీటిని వెతుక్కుంటూ ఎటు పోతుంది అన్న ప్రశ్నలకు ఎప్పుడో దొరికిన జవాబులను పట్టుకునే ఈ విధానం నడుస్తోంది. ఆ జవాబులు దొరికిననాటి సముద్రం ఇప్పుడు లేదు.

కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన వాతావరణ మార్పుల అంచనా నివేదిక ప్రకారం 1951–2015 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్రపు ఉపరితల జలాలు సగటున 1 డిగ్రీ సెల్సియస్ వేడెక్కాయి. అదే కాలంలో ప్రపంచ సముద్రాల సగటు పెరుగుదల 0.7 డిగ్రీలు. ఒక్క డిగ్రీ తేడా మనిషి ఒంటికి తెలియకపోవచ్చు గాని చేపకు అది బతుకు సమస్య. ట్యూనా వంటి కొన్నింటిని మినహాయిస్తే చేపలకు సొంత ఒంటి వేడి ఉండదు, చుట్టూ ఉన్న నీటి వేడే వాటి వేడి. నీరు వేడెక్కేకొద్దీ చేప శరీరంలో జీవక్రియలు వేగం పుంజుకుని ప్రాణవాయువు అవసరం పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. ఈ ఇరకాటంలో పడిన చేప చల్లటి నీరున్న లోతుకు దిగాలి, లేదా మరో తీరానికి తరలిపోవాలి, అదీ కాకుంటే గుడ్లు పెట్టే కాలాన్నే మార్చుకోవాలి. భారతీయ తీరాల్లో ఈ మూడూ జరుగుతున్నాయని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతూనే ఉన్నారు.

ఒకప్పుడు నూనె కవ్వలు అంటే మలబారు తీరపు చేప. 1980ల దాకా దేశంలో పట్టిన నూనె కవ్వల్లో అత్యధిక భాగం కేరళ, దక్షిణ కర్ణాటక తీరాలదే. ఆ తర్వాతి దశాబ్దాల్లో అవి తమిళనాడు మీదుగా ఆంధ్ర తీరానికి విస్తరించి ఇంకా ఉత్తరానికి కూడా వెళ్లాయి, అటు పడమర వైపు గుజరాత్ దాకా కనిపించాయి. కానాగంతల దారి వేరు. నీటి పైపొరల్లో గుంపులుగా తిరిగే ఈ చేప క్రమంగా కిందికి దిగుతోందనడానికి సాక్ష్యం వలల్లోనే దొరికింది. సముద్రపు అడుగును ఊడ్చుకుంటూ పోయే ట్రాల్ వలల్లో కానాగంతలు పడటం ఒకప్పుడు అరుదు, తర్వాత అది మామూలైంది. చెన్నై తీరంలో, ఎగుమతిదారులు పింక్ పెర్చ్ అని పిలిచే గులాబి రంగు చేపలు గుడ్లు పెట్టే కాలం వేసవి నుంచి చల్లని నెలల వైపు జరిగినట్టు కూడా పరిశోధకులు గమనించారు. ఏప్రిల్–జూన్ నిషేధానికి ఈ ఒక్క పరిశీలనే సూటి ప్రశ్న. అక్టోబరు నుంచి మార్చి వరకు గుడ్లు పెట్టే చేపకు ఏప్రిల్‌లో మొదలయ్యే విరామం వల్ల కలిగే మేలు పరిమితమే.

చేప లోతుకు దిగడాన్ని కేవలం జీవశాస్త్ర విషయంగా చూడటం మన విధానకర్తల పెద్ద పొరపాటని ఈ పత్రిక భావిస్తోంది. పైనీటిలో వల వేసే చిన్న ఫైబరు బోటు వాడికీ, ఒడ్డు నుంచి పెద్దవల లాగే జట్టుకూ అందే చేప తగ్గి, లోతుకు వల దించగల మరపడవకు అందే చేప పెరుగుతుంది. సముద్రంలో చేప మొత్తం తగ్గకపోయినా ఎవరి వాటాకు ఎంత వస్తుందన్నది ఇలా తారుమారవుతుంది. రేవులో దిగిన మొత్తం టన్నుల లెక్కలో ఈ సంగతి కనిపించదు. పూడిమడకలోనో ఉప్పాడలోనో తెల్లవారుజామున ఖాళీ బుట్టలతో ఒడ్డుకు చేరినవారి నష్టం, అదే రోజు విశాఖ రేవులో మరపడవ దించిన సరుకుతో కలిసి సగటులో మాయమైపోతుంది.

కేరళ అనుభవం మనకు పాఠం కావాలి. అక్కడ 2012లో సుమారు 4 లక్షల టన్నుల నూనె కవ్వలు దొరికాయి. 2021లో దొరికినవి 3,297 టన్నులు! అంత చిన్న చేప అంత పెద్ద రాష్ట్రపు పేదల పళ్లెంలోంచి పదేళ్లలో దాదాపు లేకుండాపోయింది. దీనికి ఒక్క కారణం చెప్పడం నిజాయితీ అనిపించుకోదు. ఎల్‌నినో ప్రభావం, మారిన వర్షాలు, ప్రవాహాలు, వాటికి తోడు పిల్ల చేపలను సైతం వదలకుండా ఊడ్చేసిన వేట అన్నీ కలిశాయి. చెడ్డ నీటి ఏళ్లను తట్టుకుని మళ్లీ పుంజుకోవాలంటే చేపకు సంతతి మిగిలి ఉండాలి. ఆ మిగులును మనిషి ముందే కాజేస్తే అనుకూలమైన నీరు తిరిగొచ్చినా అందులో గుడ్లు పెట్టే తల్లి చేపలు ఉండవు. ఈ సంగతి గ్రహించి కేరళ 2015 నుంచి పదుల సంఖ్యలో జాతులకు పట్టదగిన కనీస పరిమాణాన్ని చట్టబద్ధం చేసింది.

బంగాళాఖాతం స్వభావం అరేబియా సముద్రానిది కాదు, అందుకే మన తీరానికి మన లెక్కలు కావాలి. గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, మహానది, గోదావరి, కృష్ణ మోసుకొచ్చే మంచినీరూ, దానికి తోడు కురిసే వానా ఈ సముద్రం మీద ఉప్పు తక్కువైన తేలిక పొరలా పరుచుకుంటాయి. కొలత పరికరాన్ని తాడుకు కట్టి వర్షాకాలం తర్వాత నీటిలోకి దించితే ఆ పొర స్పష్టంగా దొరుకుతుంది. పైన కొన్ని పదుల మీటర్ల మేర వెచ్చగా, ఉప్పు తక్కువగా ఉన్న నీరు, ఆ కింద ఉన్నట్టుండి ఉప్పు పెరుగుతుంది, వేడి పడిపోతుంది. సుమారు వంద మీటర్లు దాటాక ప్రాణవాయువు అతి స్వల్పానికి చేరి, కొన్ని వందల మీటర్ల లోతు దాకా అలాగే ఉంటుంది. గాలి ఎంత వీచినా పైనీరూ కింది నీరూ సులువుగా కలవవు. నీటిలో తేలే సూక్ష్మ మొక్కలైన వృక్షప్లవకాలకు ఎరువులాంటి నైట్రేట్లు, ఫాస్ఫేట్లు కిందే ఉండిపోతాయి. ఆ ప్లవకాలు లేనిదే కవ్వలు లేవు, కవ్వలు లేనిదే వాటిని తినే వంజరమూ లేదు.

మూతలా పరుచుకున్న ఈ తేలిక పొరను అక్కడక్కడా తెరిచేది తీరం వెంబడి కింది నీరు పైకి ఉబికే ప్రక్రియ. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఇక్కడి విద్యార్థులతో కలిసి విశాఖ తీరంలో దీన్ని గమనించారు. వసంతకాలంలో నైరుతి గాలి తీరానికి సమాంతరంగా వీస్తూ పైనీటిని నడిసముద్రం వైపు నెడితే కింది చల్లని నీరు ఒడ్డు దగ్గర పైకి వస్తుందనీ, చలికాలానికి ముందు ఇందుకు విరుద్ధంగా నీరు కిందికి కుంగుతుందనీ ఆనాడే నమోదైంది. తీర ప్రవాహం ఫిబ్రవరి–మే మధ్య ఉత్తరానికి, అక్టోబరు–డిసెంబరులో దక్షిణానికి పారుతుంది. చేపల గుంపుల రాకపోకలు ఈ నీటి నడకతో ముడిపడినవి. సముద్రం పైపొర మరింత వేడెక్కితే ఆ మూత మరింత బిగుసుకుంటుంది, కింది పోషకాలు పైకి రావడం ఇంకా కష్టమవుతుంది.

ఇందులో మరో చిక్కుంది. పైన వేడి, కింద ప్రాణవాయువు కొరత ఉన్నప్పుడు చేపలు బతకగలిగే పొర పలచబడి, అవి ఆ సన్నటి పొరలో కిక్కిరిసి చేరతాయి. అలాంటి రోజుల్లో వల నిండుగా వస్తుంది, రేవులో కళ కనిపిస్తుంది, సముద్రం బాగానే ఉందని అధికారుల నివేదికలు చెబుతాయి. దొరికిన టన్నులతోనే సముద్రపు ఆరోగ్యాన్ని కొలిచే అలవాటు ఎంత ప్రమాదకరమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

తుపానుల సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ వంటివి మత్స్యకారుల బోట్లనూ వలలనూ ఇళ్లనూ నేలమట్టం చేస్తాయి. అదే తుపాను సముద్రాన్ని లోతుదాకా చిలికి కింది పోషకాలను పైకి తెస్తే, కొద్ది రోజులకు ఆ దారి పొడవునా ప్లవకాలు విరగబూయడం ఉపగ్రహ చిత్రాల్లో కనిపిస్తుంది. తుపాను వెళ్లిన తర్వాత సముద్రంలో మేత పెరిగే ఆ రోజుల్లో వేటకు వెళ్లడానికి చాలామందికి బోటే మిగలదు. పరిహారం ఆలస్యమైతే నష్టం రెట్టింపయ్యేది అందుకే.

సముద్రం మీద వచ్చే మార్పులన్నీ సముద్రంలోనే పుట్టినవి కావు. ‘పుస్తెలమ్మి అయినా పులస తినాలి’ అని గోదావరి జిల్లాలవారు చెప్పుకునే చేపనే చూడండి. సముద్రంలో ఇలసగా తిరిగే ఆ చేప జూలై నుంచి సెప్టెంబరు వరకు గోదావరి ఎర్రనీటి వాసన పట్టి నదిలోకి ఎదురీదుతుంది, మంచినీటిలో గుడ్లు పెడుతుంది, పిల్లలు మళ్లీ సముద్రం చేరతాయి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట దాని ఎగువ దారిని ఎప్పుడో మూసింది. మిగిలిన దిగువ దారి వరద ఎప్పుడు వస్తుంది, ఎంత నిలుస్తుంది అన్నదానిపై ఆధారపడి ఉంది. వర్షాలు కొద్ది రోజుల్లోనే కుండపోతగా కురిసి తర్వాత ముఖం చాటేసే ఏడాదిలో నదీ ముఖం దగ్గర మంచినీటి సంకేతం చెదిరిపోతుంది, చేపకు నది దారి దొరకదు. కోరంగి మడ అడవుల కాలువల్లో పెరిగి సముద్రానికి వెళ్లే రొయ్య పిల్లలకూ, పండుగప్పకూ ఉప్పునీరూ మంచినీరూ తగు పాళ్లలో కలవడమే ప్రాణాధారం. నదిలోని చివరి చుక్కనూ పొలానికి మళ్లించడమే నీటి సద్వినియోగమనే వాదన ఈ మత్స్యసంపద విలువను లెక్కలోకి తీసుకోదు. సముద్రంలో కలిసిన నీరంతా వృథా అన్న మాట ఇకనైనా మానుకోవాలి.

మనకు సాధనాలు లేవా అంటే ఉన్నాయి. హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం ఉపగ్రహాలు కొలిచిన ఉపరితల వేడి, పత్రహరితం ఆధారంగా చేపలు చేరే అవకాశమున్న చోట్లను గుర్తించి, ఏ రేవు నుంచి ఏ దిక్కున ఎంత దూరంలో ఎంత లోతున అన్నది తెలుగులో కూడా అందిస్తోంది. దానివల్ల మత్స్యకారుడికి వెతుకులాట తగ్గి డీజిలు ఆదా అవుతోంది, అది నిజంగా మెచ్చదగిన సేవ. కానీ ఉపగ్రహానికి కనిపించేది పైనీరే, మబ్బు పట్టిన వానాకాలంలో అదీ సరిగా కనిపించదు. పైగా ఈ సమాచారం చేపను ఎక్కడ పట్టాలో చెబుతుంది. ఎక్కడ, ఎప్పుడు పట్టకూడదో చెప్పే సమాచారం అంత క్రమంగా రేవుకు చేరడం లేదు. ఈ రెండో సమాచారం కోసం నీటి లోపలికి దిగి కొలవాలి. తీరం పొడవునా ఎంపిక చేసిన చోట్ల ప్రతి నెలా వేడి, ఉప్పు, ప్రాణవాయువు కొలిచి, నీటిలో చేప గుడ్లూ పిల్లలూ ఎంత ఉన్నాయో చూడాలి. విశాఖలో సముద్ర పరిశోధన సంస్థల కేంద్రాలు, విశ్వవిద్యాలయం ఉన్నాయి. వాటికి నిలకడైన నిధులు, పనికొచ్చే పడవలు ఇవ్వడం రాష్ట్రానికి భారం కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. గుడ్ల కాలం మారిందన్న మాటను పట్టుకుని నిషేధాన్నే ఎత్తేయాలని, కుదించాలని వాదించేవారు బయలుదేరతారు. ఆ వాదనను మేము సమర్థించం. తూర్పు తీర రాష్ట్రాలన్నీ ఒకే తేదీలు పాటించడంలో ఒక మేలుంది. ఒక రాష్ట్రపు బోట్లు పక్క రాష్ట్రపు నీటిలోకి వచ్చి ఊడ్చుకుపోయే తగాదాలు కొంతైనా అదుపులో ఉంటాయి. కాబట్టి ఇప్పుడున్న 61 రోజులను కదపకుండా, చల్లని నెలల్లో గుడ్లు పెట్టే జాతులకు అదనపు రక్షణ ఎలా ఇవ్వాలో ఆలోచించడమే సరైన దారి. ముఖ్యమైన గుడ్ల ప్రాంతాల్లో ట్రాల్ వలలకు కొద్ది వారాల విరామం, పిల్ల చేపలు జారిపోయేలా వల కన్ను వెడల్పు, ఒడ్డుకు దగ్గరి నీటిలో చిన్న బోట్లకే వేట హక్కు, జాతుల వారీగా కనీస పరిమాణం వంటివాటిని గట్టిగా అమలు చేస్తే చాలావరకు ఆ పని జరుగుతుంది. విరామం పెరిగితే భృతి కూడా ఆ మేరకు పెరగాలి. సముద్రాన్ని కాపాడే ఖర్చును అందరికంటే పేదవాడి నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

వాడబలిజలు, జాలర్లు తరతరాలుగా నీటి రంగు, ప్రవాహపు దిక్కు, పక్షుల కదలిక చూసి చేప జాడ కట్టినవారు. ఏ చేప ఏ నెలలో రావడం మానేసింది, కొత్తగా ఏది వస్తోంది అన్నది వారికి తెలిసినంతగా ఏ కార్యాలయానికీ తెలియదు. రేవుల్లో టన్నులు రాసుకునే సిబ్బందే చేప దొరికిన లోతు, చోటు, పొట్టలో గుడ్లు ఉన్నాయా లేవా అన్నవి కూడా మత్స్యకారులను అడిగి రాసుకుంటే, అయిదారేళ్లలో మన తీరానికి ఇంతవరకు లేని లెక్క తయారవుతుంది. మత్స్యశాఖ వచ్చే ఏప్రిల్ 15లోగా కనీసం విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో ఈ నమోదు మొదలుపెట్టాలి. ఆ వివరాలను ఏటా నిషేధానికి ముందు మత్స్యకార సంఘాల ముందు తెలుగులో ఉంచి, వారి మాట విన్న తర్వాతే ఆ ఏటి నిబంధనలను ఖరారు చేయాలి.