అప్పు ఒకరిది, నింద ఇంకొకరికా?

కడపలో కలిసి చదువుకున్న మిత్రుల వాట్సాప్ బృందంలో ఈ వారం నాలుగోసారి వచ్చింది ఆ సందేశం. చవక విమాన సంస్థ ఎయిర్ దక్కన్‌ను విమానాల గురించి తెలియని రైతు పెట్టాడట, పంకాల డొక్కు విమానాలు నడిపాడట, రూపాయికే టికెట్లమ్మి నష్టపోయాడట, చివరికి బ్యాంకులను ముంచి లండన్ పారిపోయాడట. ఇక ఊరుకోలేను.

ఎయిర్ దక్కన్ పెట్టిన గోపీనాథ్ రైతే, కాదనను. అంతకుముందు సైన్యంలో కెప్టెన్. 2003లో విమానాలు మొదలుపెట్టేనాటికే ఏళ్ల తరబడి హెలికాప్టర్లను అద్దెకు నడిపిన మనిషి ఆయన.

పంకాలున్నంత మాత్రాన డొక్కు కాదు. దక్కన్ నడిపిన ఏటీఆర్ రకం పంకాల విమానాలు చిన్న రన్‌వే మీద దిగుతాయి, దగ్గరి ఊళ్లకు తక్కువ ఇంధనంతో వెళతాయి. మన కడపకు ఏళ్లుగా వస్తున్నవీ అవే.

రూపాయి టికెట్లు కొన్ని సీట్లకే, ముందుగా కొన్నవారికే. పన్నులు అదనం.

అసలు కోపం చివరి మాట మీద. 2007లో దక్కన్‌లో 26 శాతం వాటా కొన్నది విజయ్ మాల్యా యూబీ గ్రూపు. విదేశాలకు ఎగరాలంటే దేశంలో ఐదేళ్లు నడిచి ఉండాలని అప్పటి నిబంధన. 2005లో పుట్టిన మాల్యా సొంత విమాన సంస్థ కింగ్‌ఫిషర్‌కు ఆ వయసు లేదు, దక్కన్‌కు 2008 ఆగస్టుతో నిండింది. రెండూ కలిశాయి, సెప్టెంబరులోనే లండన్‌కు విమానం లేచింది. దక్కన్ పేరు కింగ్‌ఫిషర్ రెడ్‌గా మారింది, 2011లో ఆ చవక సేవను మూసేయాలని నిర్ణయించారు. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషరే నేలకు దిగింది. 9,000 కోట్లకు పైగా రావాలని బ్యాంకులు అడిగింది మాల్యాను. 2016 మార్చిలో దేశం విడిచి వెళ్లిందీ ఆయనే. గోపీనాథ్ 2009లో బెంగళూరు దక్షిణ నుంచి లోక్‌సభకు స్వతంత్రుడిగా నిలబడ్డారు. పారిపోయేవాడు ఓట్లు అడుగుతాడా? పేరు సరిచూడటానికి రెండు నిమిషాలు దొరకలేదా మీకు?

ఒక్కచోట సందేశమే నిజం చెప్పింది. చేతులు మారేనాటికి దక్కన్ భారీ నష్టాల్లో ఉంది. 60కి పైగా ఊళ్లకు ఎగిరింది కానీ, వచ్చే టికెట్ డబ్బు ఖర్చులకు చాలలేదు. ఆయన మీద ఎంత అభిమానమున్నా దీన్ని దాచలేను. అయితే 2006లో చవక ధరలతోనే వచ్చిన ఇండిగో నిలబడింది కదా, అంటే తప్పు చవక ధరలది కాదు! చిన్న ఊళ్లకు విమానమన్న ఆలోచనా ఓడిపోలేదు: కడప–హైదరాబాదు విమానం 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు చవకగా విమానాలు నడిపే కేంద్రం ఉడాన్ పథకంలో తొలి సర్వీసుల్లో ఒకటిగా ఎగిరింది. ఆ రోజు సంబరపడి ఫొటోలు పంచుకున్న బృందం ఇదే.

పారిపోయాడన్న ఆ వాక్యాన్ని తొలగించండి. మిగతావాటి మీద ఎంతసేపైనా వాదించుకుందాం.