గేరు బిగిసింది, సున్నుండ విడిపోయింది

సంక్రాంతి ఇంకా రెండు వారాలుందనగా హైదరాబాదులో ఓ కొత్తల్లుడికి తన కారు మీద అనుమానం మొదలైంది. మూడు సిలిండర్ల హ్యాచ్‌బ్యాక్. క్లచ్ వదలగానే కింద ‘టక్’మంటుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీసి మళ్లీ వేస్తే గేరు రాడ్డు అత్తారింట్లో అల్లుడిలా ప్రతిదానికీ తలాడిస్తుంది. రెండు రాత్రులు వీడియోలు చూసి రోగం కనిపెట్టేశాడు: గేర్‌బాక్స్ మౌంటింగ్, అంటే గేర్‌బాక్స్‌ని కారు ఒంటికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ, మెత్తగా ఉంది. మందూ తనే రాసుకున్నాడు: రబ్బరు లాంటి గట్టి ప్లాస్టిక్ పాలీయురేథేన్‌తో చేసిన మౌంటింగ్, 85 షోర్ గట్టిదనం (షోర్ అంటే రబ్బరు గట్టిదనం కొలిచే లెక్క, అంకె పెరిగేకొద్దీ గట్టి).

వీడియోలు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. ఇంజిన్ అడ్డంగా ఉండే చిన్న కార్లలో సాధారణంగా మూడు చోట్ల పట్టు ఉంటుంది. ఒక పక్క ఇంజిన్ మౌంటింగ్, రెండో పక్క చాలా బళ్లలో బ్యాటరీ ట్రే కిందే గేర్‌బాక్స్ మౌంటింగ్, అడుగున రెండు చివరలా రబ్బరు బుష్‌లున్న టార్క్ రాడ్డు. ఇంజిన్ టార్క్, అంటే తిప్పే బలం, 110 న్యూటన్ మీటర్లు, దాన్ని మొదటి గేరు 3.5 రెట్లు, చక్రాలకి ముందుండే ఆఖరి గేరు (ఫైనల్ డ్రైవ్) 4.2 రెట్లు చేస్తాయనుకుంటే, చక్రాల దగ్గరికి చేరేసరికి అది 1,600 దాటుతుంది. చక్రాల్ని ముందుకి ఎంత బలంగా తిప్పితే ఇంజినూ గేర్‌బాక్సూ కలిసి వెనక్కి అంత బలంగానూ తిరగబడతాయి. వాటిని అదుపులో పెట్టేది ఈ రబ్బరు ముక్కలే. ముక్క గట్టిదైతే ఊగడం తగ్గుతుంది, గేరు శుభ్రంగా పడుతుంది.

అయితే రబ్బరుకి రెండో ఉద్యోగం కూడా ఉంది. మూడు సిలిండర్ల ఇంజిన్ 800 ఆర్‌పీఎంలో ఊరికే నిలబడి ఉన్నా దాని కడుపులో సెకనుకు 20 పేలుళ్లు. నాలుగు సిలిండర్లదైతే 26 పైచిలుకు. ఆ దెబ్బలన్నీ తను తిని మన సీటు దాకా రానివ్వకుండా చూసేది 50, 60 షోర్ ఉండే కంపెనీ రబ్బరు. 85 షోర్ ముక్క అలా కాదు, కిందవాళ్ల గొడవ ఉన్నదున్నట్టు పైకి మోసే గుమస్తా.

“సార్, గిది రేసు బండ్లకు పెడ్తరు. ఆఫీసుకు పొయ్యే బండికి ఎందుకు సార్? ఒరిజినల్ ఏస్త, మంచిగుంటది,” అన్నాడు షెడ్డులో మేస్త్రి. అల్లుడు వినలేదు. పార్శిల్ అప్పటికే వచ్చేసింది మరి.

మేస్త్రి పనికి మాత్రం వంక పెట్టడానికి లేదు. ముందు బ్యాటరీ మైనస్ టెర్మినల్, తర్వాత బ్యాటరీ, ట్రే తీశాడు. గేర్‌బాక్స్ కింద జాకీ, మధ్యలో చెక్క దిమ్మ. ఆ జాకీ పొరపాటున ఆయిల్ ఛాంబర్ కింద పెడితే రేకు సొట్ట పడి ఊరుకోదు, నూనె కారుస్తుంది. జాకీ బరువు అందుకునేదాకానే లేపాలి. కారే లేస్తోందంటే ఎక్కువైనట్టు. కొత్త ముక్క పెట్టాక బోల్టులన్నీ చేత్తోనే ఎక్కించాడు. గేర్‌బాక్స్ ఒళ్లు అల్యూమినియం కదా, గాలి గన్నుతో ఒక్క మర అడ్డంగా ఎక్కిందా, మౌంటింగ్ బిల్లు కాస్తా గేర్‌బాక్స్ బిల్లవుతుంది. జాకీ దించి, బరువంతా మౌంటింగ్ మీద కూర్చున్నాక, మాన్యువల్‌లో ఉన్న లెక్కకి టార్క్ రెంచితో ఆఖరి బిగింపు. జాకీ మీద ఉండగానే బిగించేస్తే మౌంటింగ్ మెలితిరిగి ఉండిపోయి, కొత్తదైనా వణుకు పుట్టిస్తుంది.

ఆ సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు మీద గేర్లు తాళంలో చెవి పడ్డట్టు పడ్డాయి. సీటు కింద సన్నగా రొద ఉందనుకోండి, అల్లుడికి అది రేసు కారు సంగీతంలా వినిపించింది.

పండక్కి హైదరాబాదు హైదరాబాదంతా విజయవాడ రోడ్డెక్కినప్పుడు చౌటుప్పల్ పక్కనున్న పంతంగి టోల్‌గేటు దగ్గర ఎలా ఉంటుందో తెలిసిందే. గంటసేపు కారు కదల్లేదు. ఏసీ వేస్తే కంప్రెసర్ బరువు కూడా ఇంజిన్ మీదే. డ్యాష్‌బోర్డు మీది చిన్న వెంకన్న విగ్రహం ఇంచీ ఇంచీ జరుగుతూ కిటికీ వైపు తిరిగిపోయింది. అద్దంలో వెనకాల లారీ ఒకటి రెండైంది.

“ఏమండీ, మీ ఫోన్ మోగుతున్నట్టుంది.”

“ఫోన్ కాదు, కారు.”

గోదావరి జిల్లాలో అత్తగారింటి ముందు ఆగగానే ఆవిడ బానెట్ మీద చెయ్యి వేసి చూశారు. “అల్లుడుగారూ, బండికేవన్నా చలిజ్వరవాండీ?” భోగి నాడు ఆవిణ్ని అదే కారులో గుడికి తీసుకెళ్లాడు. దారిలో ఆవిడ నోరు మెదపలేదు. అది భయమనుకున్నాడు అల్లుడు.

కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి మర్నాడు బయల్దేరారు. వెనక సీటు కింద సున్నుండల డబ్బా, అరిసెల డబ్బా. మళ్లీ అదే టోల్‌గేటు, అదే గంట. సెకనుకు 20 చొప్పున గంటకు 72,000 దెబ్బలు. ఇంటికొచ్చి మూత తీస్తే సున్నుండ ఒక్కటీ లేదు, డబ్బా నిండా పిండి. మినుములూ బెల్లమూ నెయ్యీ కుదుర్చుకున్న సంబంధం చౌటుప్పల్ దగ్గరే తెగిపోయింది. అరిసెలు మాత్రం చెక్కు చెదరలేదు. అత్తగారి అరిసె ఎంత లేదన్నా 95 షోర్ ఉంటుంది.

సోమవారం మళ్లీ షెడ్డు. మేస్త్రి ఏమీ అనకుండా మూల పడేసిన పాత మౌంటింగ్ తెచ్చి చేతిలో పెట్టాడు. రబ్బరు ఇనుము నుంచి ముప్పాతిక చుట్టూ ఊడిపోయి ఉంది. ఇనుమూ ఇనుమూ రాసుకున్న చోట కొత్త రూపాయిలా మెరుస్తోంది. అది మెత్తనిదై ఊగలేదు, చిరిగి ఊగింది. ఈ సంగతి ముందే తెలుసుకోవచ్చు. హ్యాండ్‌బ్రేకు వేసి, ఒకరు బ్రేకు గట్టిగా తొక్కిపట్టి మొదటి గేర్లోనూ రివర్సులోనూ క్లచ్ కొంచెమే అందిస్తుంటే, రెండోవాళ్లు బానెట్ లేపి పక్క నుంచి (ఎదురుగా కాదు!) ఇంజిన్ ఎంత ఎగురుతోందో చూడాలి. బాగా ఎగిరితే టార్చి వేసి చీలికలు వెతకాలి.

ఒరిజినల్ కొత్తది వేశాక గేర్లు దాదాపు అంతే బిగువుగా పడ్డాయి, వెంకన్న కదల్లేదు. అయినా గట్టిది కావాల్సిందే అనేవాళ్లు అడుగున టార్క్ రాడ్డు బుష్‌తో, అదీ 65, 70 షోర్‌తో మొదలుపెట్టడం మేలు. అది ఇంజిన్ బరువు మోయదు, తిరగబడకుండా పడుతుందంతే. మిగతావి మెత్తగా ఉంచి గేర్‌బాక్స్ మౌంటింగ్ ఒక్కటే రాయిలా బిగిస్తే మాత్రం ఊపంతా దాని మీదే పడి, పట్టున్న చోట అల్యూమినియం చెవి పగిలే ప్రమాదముంది.

తర్వాతి నెల అత్తగారు మోకాళ్ల నొప్పులకి చూపించుకోవడానికి హైదరాబాదు వచ్చారు. కారెక్కి కూర్చుని, సిగ్నల్ దగ్గర ఆగాక అటూ ఇటూ చూశారు.

“అయ్యో, అది తీయించేశారాండీ? భోగి నాడు గుడికెళ్లొచ్చాక రెండ్రోజులు నొప్పన్నదే లేదు. ఇక్కడ ఫిజియోథెరపీవాళ్లు ఆ వణుకుడికే పూటకి అయిదొందలంటున్నారు!”