విరిగిన స్టడ్డు: ఇంట్లోనా, లేత్ షాపులోనా?

మా తమ్ముడి పాత మారుతీ 800 పొద్దున్నే స్టార్ట్ చేస్తే టిక్ టిక్‌మనేది. ఇంజిన్ వేడెక్కాక ఆ చప్పుడు దానంతటదే తగ్గేది. చూసినవాళ్లందరూ ట్యాపెట్లు (ఇంజిన్ వాల్వుల్ని కదిపే భాగాలు) అన్నారు. తీరా సైలెన్సర్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగని సైలెన్సర్ గొట్టంలోకి పంపే భాగం) ఊడదీస్తే, దాన్ని హెడ్డుకి, అంటే ఇంజిన్ పైభాగానికి, పట్టి ఉంచే స్టడ్డుల్లో (తల లేని బోల్టులు) రెండు విరిగి ఉన్నాయి. ఆ సందులోంచి పొగ తన్నుకొచ్చే చప్పుడే అది. ఒకటి వేలి కణుపంత బయటికి ఉంది. రెండోది హెడ్డుతో సమానంగా తెగిపోయింది. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే మిషను) మీద పనిచేసిన పెదనాన్న ఆదివారం భోజనానికొచ్చి అది చూశాడు. నేను లైటు పట్టుకుని నిలబడ్డాను.

పెదనాన్న: ఎక్కడిదక్కడ వదిలెయ్. రేపు బండి షాపుకి లాగిద్దాం.

తమ్ముడు: షాపులోనే కదా పెదనాన్నా ఇవి విరిగింది! పోయినసారి గాస్కెట్ మార్చేటప్పుడు పానా కొసకి పైపు తొడిగి ఒక్క లాగుడు లాగాడు. టక్‌మంది. మాతో మాటైనా అనకుండా మిగతా నట్లు బిగించి పంపించేశాడు.

పెదనాన్న: వాడిది తప్పే. అందుకని వాడి పని నువ్వు చేస్తావా? హెడ్డు అల్యూమినియం, స్టడ్డు ఉక్కు. ఏళ్ల తరబడి కాగి, చల్లారి, రెండూ కరుచుకుపోయి ఉంటాయి. బలం పెడితే ఉక్కు తెగుతుంది. డ్రిల్లు పెడితే అల్యూమినియం పోతుంది.

తమ్ముడు: అందుకే బలం కాదు, టైమ్ కావాలి. షాపులో లేనిదదే. మూడు రోజులుగా రెండు పూటలా తుప్పు నూనె కొడుతున్నా. ఇప్పుడు టార్చ్‌తో హెడ్డుని వేడి చేస్తా. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, పట్టు వదులవుతుంది.

పెదనాన్న: మూడు రోజులు నూనె కొట్టిన చోట మంట పెడతావా? ఆ పెట్రోలు పైపు చూశావా?

లైటు అటు తిప్పాను. పైపు రెండు జానల దూరంలో ఉంది. తమ్ముడు టార్చ్ పక్కన పెట్టేశాడు. కానీ ఊరుకోలేదు. పొడుగ్గా ఉన్న స్టడ్డుకి రెండు నట్లు ఎక్కించి, ఒకదానికొకటి బిగదీసి, లోపలి నట్టుకి పానా వేశాడు. పావు తిప్పు వెనక్కి, కాస్త ముందుకి, మళ్లీ నూనె. కీచుమంటూ కదిలింది. పావుగంటకి చేతిలోకొచ్చింది. పైన ఎర్రటి తుప్పు, కింది మరల్లో మాత్రం సున్నంలాంటి తెల్లటి పొడి.

తమ్ముడు: ఏం పెదనాన్నా, ఇంట్లో కాదన్నావు?

పెదనాన్న: అది పట్టు దొరికిన స్టడ్డు. రెండోదానికి ఏం పట్టుకుంటావు?

తమ్ముడు: మధ్యలో డ్రిల్లు వేసి ఈజీ ఔట్ దింపుతా, బెజ్జంలో కరుచుకుని స్టడ్డుని వెనక్కి తిప్పే ఊచ. సెట్టు కొన్నాను.

పెదనాన్న: పేరు చూసి కొన్నావా? మొత్తం స్టడ్డే తిరగక తెగింది. దాని కడుపులో బెజ్జం పెట్టి అంతకన్నా సన్నటి ఊచతో తిప్పుతానంటావు. అది లోపల విరిగిందనుకో, మామూలు డ్రిల్లు బిట్టు దాన్ని గీకను కూడా గీకలేదు. అప్పుడిక హెడ్డు దింపి, కరెంటు నిప్పురవ్వలతో లోహాన్ని తొలిచే స్పార్క్ ఎరోజన్ మిషను దగ్గర కూర్చోవాలి.

ఇక్కడ నేను పెదనాన్న పక్షమే. ఇంటి పని చెడేది ఎక్కువగా ఈజీ ఔట్ దగ్గరే.

తమ్ముడు: అయితే అది వద్దు. ఎడమవైపు తిరిగే డ్రిల్లు బిట్టు వేస్తా. కరుచుకుంటే స్టడ్డు దానంతటదే బయటికొస్తుంది. రాకపోతే మొత్తం తొలిచేసి, బెజ్జంలో మరలు కోసే ట్యాపు తిప్పుతా.

పెదనాన్న: లెక్క చెప్పు. 8 మిల్లీమీటర్ల స్టడ్డు, మరకీ మరకీ మధ్య 1.25 పిచ్. ట్యాపుకి బెజ్జం ఎంత?

తమ్ముడు: 6.8.

పెదనాన్న: అంటే చుట్టూ నీకున్న జాగా 0.6 మిల్లీమీటరు. తెగిన చోటు ఏటవాలుగా ఉంది. బిట్టు మెత్తటి అల్యూమినియం వైపు జారుతుంది. చేతి డ్రిల్లుతో, వంగుని, ఆ 0.6 నిలబెడతావా?

తమ్ముడు: సరే, దాని మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేయిస్తా. గేట్లు చేసే అతను సెట్టు ఇంటికే తెస్తాడు.

పెదనాన్న: పద్ధతి మంచిదే. వెల్డింగ్ ఉక్కుకే అంటుకుంటుంది, ఆ వేడికే స్టడ్డు వదులుతుంది. కానీ సమానంగా తెగినదాని మీద ముందు కొంచెం లోహం పొయ్యాలి. గేట్లు చేసే చేత్తో హెడ్డు మీదా!

తమ్ముడు: నీ షాపుకి పంపితే మాత్రం? హెడ్డు దింపాలి, హెడ్ గాస్కెట్ మార్చాలి, అడుగు చదును చెయ్యాలని ఫేసింగ్ అంటారు. ఇంత ముక్క కోసం సగం ఇంజిన్ విప్పాలా?

పెదనాన్న కాసేపు మాట్లాడలేదు. కింద పెట్టిన మానిఫోల్డ్ తీసి దాని అంచు (ఫ్లాంజ్)లో స్టడ్డు దూరే బెజ్జంలో వేలు పెట్టి చూశాడు. నన్ను కొలతలు తీసే వెర్నియర్ తెమ్మన్నాడు.

పెదనాన్న: ఈ బెజ్జంలో సరిపోయేలా చిన్న గొట్టంలాంటి బుష్షు లేత్ మీద తిప్పి తెస్తా, నడిమధ్య 3 మిల్లీమీటర్ల దారితో. మానిఫోల్డ్ మళ్లీ మిగతా స్టడ్డులకి బిగించి ఆ బుష్షులోంచి డ్రిల్లు వెయ్యి. పక్కకి జారదు. తర్వాత 5, ఆ తర్వాత 6.8. అప్పటిదాకా ఏదీ ముట్టుకోకు.

తమ్ముడు: అంటే ఇంట్లోనే తీస్తున్నాం.

పెదనాన్న: బుష్షు లేత్ మీదేరా!