ఆ అద్దంలోకి హెన్రీని పిలవండి చూద్దాం

రాత్రి పన్నెండున్నరకు మా అక్క కూతురు నన్ను నిద్రలేపింది. బాత్రూమ్‌కు వెళ్ళాలట, పిన్ని బయట కాపలా ఉండాలట, పైగా తలుపు మూయకూడదట. సంగతేమిటంటే, సాయంత్రం ఎవరిదో పుట్టినరోజు వేడుకలో పిల్లలంతా లైటు ఆర్పేసి, అద్దం ముందు నిలబడి "బ్లడీ మేరీ" అని మూడుసార్లు పిలిచారు. మన కొరివి దయ్యాలు చాలలేదు కాబోలు, పరాయి దేశాల నుంచి దిగుమతి చేసుకుంటున్నాం. పదహారో శతాబ్దంలో ఇంగ్లండును ఏలిన కేథలిక్ రాణి మొదటి మేరీకి "బ్లడీ మేరీ" అని పేరు. ఆ ఆటలో మేరీ ఆ రాణియేనని రుజువు కూడా ఎక్కడా లేదు.

అక్కడితో ఆగి ఉంటే నేనిది రాసేదాన్ని కాదు. పొద్దున కాఫీ తాగుతూ మా బావగారు, "భయపడదా మరి, వందలమందిని తగలబెట్టిన రాక్షసి కదా" అని తేల్చేశారు. ఆయన చరిత్ర పరిజ్ఞానమంతా ఫోనులో చూసిన ఒకటిన్నర నిమిషం వీడియో.

తగలబెట్టింది. నేను కాదన్నానా? 1555 ఫిబ్రవరిలో లండన్‌లోని స్మిత్‌ఫీల్డ్‌లో జాన్ రోజర్స్‌తో మొదలై, 1558 నవంబరులో ఆమె చనిపోయేదాకా దాదాపు 280 మంది ప్రొటెస్టెంట్లు కాలిపోయారు. 1533లో మేరీ తల్లి పెళ్ళి చెల్లదని తీర్పిచ్చిన క్రాన్మర్ చివరికి మాట మార్చుకుని లొంగిపోయినా వదల్లేదు. ఇరవై మూడేళ్ళు దాచుకున్న కక్ష మరి! పోనీ, ఆయన ఆర్చిబిషప్పు. డెర్బీలో జోన్ వేస్ట్ ఎవరు? పుట్టుగుడ్డి, ఇరవై రెండేళ్ళ పేదపిల్ల. కూడబెట్టిన డబ్బుతో బైబిలు కొత్త నిబంధన కొనుక్కుని, ఎవరిచేతనైనా చదివించుకుని వినేది. ఆమెనూ కాల్చారు. ఆ పిల్ల కథ తెలిశాక మేరీ మీద నాకు జాలి మిగల్లేదు.

కానీ ఆమె తండ్రి ఎనిమిదో హెన్రీని ఏ పిల్లలూ అద్దంలోకి పిలవరేం? 1540 జులై 30న, అదే స్మిత్‌ఫీల్డ్‌లో, ఆ మహానుభావుడు ముగ్గురు ప్రొటెస్టెంట్లను కాల్పించాడు, ముగ్గురు కేథలిక్కులను ఉరితీయించి, పేగులు తీయించి, ముక్కలు చేయించాడు. తడికెల మీద ఈడ్చుకొచ్చేటప్పుడు ఒక్కో తడికెకు ఒక ప్రొటెస్టెంటును, ఒక కేథలిక్కును జతచేసి మరీ కట్టారు. ఆహా, ఎంత సర్వమత సమానత్వం! ఇద్దరు పెళ్ళాల తలలు తీయించిన ఆ మనిషి పిల్లల పుస్తకాల్లో బొద్దుగా, ముద్దుగా కనిపిస్తాడు.

ఇక మేరీ చెల్లెలు, ప్రొటెస్టెంటు రాణి ఎలిజబెత్. 1569లో ఉత్తర ఇంగ్లండులో కేథలిక్కులు తిరగబడితే వందలమందిని ఉరితీయించింది. 1586లో యార్క్‌లో, కేథలిక్ ఫాదరీలను ఇంట్లో దాచిందని, మాంసం కొట్టువాడి భార్య మార్గరెట్ క్లిథరోను పట్టుకుని, ఒంటిమీద తలుపు పెట్టి దానిమీద బరువులు పేర్చి చంపారు. అయినా ఎలిజబెత్‌ది స్వర్ణయుగం!

అక్క పోయాక గద్దె ఎక్కింది చెల్లెలు కదా. 1563లో జాన్ ఫాక్స్ అనే ప్రొటెస్టెంటు రచయిత మేరీ కాలపు ఆ మంటలన్నిటినీ బొమ్మలతో సహా అచ్చువేస్తే, తర్వాత ఆ గ్రంథాన్ని పెద్ద పెద్ద చర్చిల్లో పెట్టించారు. మేరీ వైపు మాట్లాడేవాళ్ళేరి? 1555లో గర్భమనుకుని పురుటి గదిలోకి వెళ్ళి, నెలల తరబడి ఎదురుచూసి, ఉత్త చేతులతో బయటికొచ్చిన మనిషి. ఆ బిడ్డే పుట్టి ఉంటే దయ్యం ఎవరయ్యేవారో! వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఇద్దరిదీ ఒకే సమాధి, పైన పాలరాతి బొమ్మ మాత్రం ఎలిజబెత్‌ది. అక్క కింద.

ఇదంతా ఎందుకు మండుతోందంటే, మా అమ్మమ్మ. తాతయ్య పోయిన ఏడాది తిరక్కుండానే పాలివాళ్ళు పొలం గట్టు జరిపితే, కర్ర పట్టుకుని వెళ్ళి మళ్ళీ వెనక్కి జరిపించింది. చచ్చేదాకా ఊరంతా ఆమెను "గయ్యాళి" అనే పిలిచింది. ఆమె అన్నగారు పాలేళ్ళను చింతబరికెతో వీపు చిట్లేలా కొట్టేవాడు. ఆయన "మాటంటే మాట" మనిషి, రచ్చబండ దగ్గర ఆయన పేరుతో అరుగు కూడా ఉంది. ఆయన ఎవరనుకున్నారు? మా బావగారి తల్లికి కన్నతండ్రి.

ఇదే బావగారి ముఖం మీదే చెప్పాను. ఆయన ఫోనులోంచి తల ఎత్తకుండా, "నీకూ నోరెక్కువే, అచ్చం మీ అమ్మమ్మ పోలిక" అన్నారు.

రేపటి నుంచి కాఫీ ఆయనే పెట్టుకుంటారు.