అండాల లెక్క వేరు, అండాల వయసు వేరు

‘ముప్పై అయిదు దాటితే గర్భం కష్టం’ అనే మాటలో నిజం ఉంది. కానీ అండాలు అయిపోవడమే అందుకు కారణమని చాలామంది అనుకుంటారు. అందుకే ఏఎంహెచ్ అనే హార్మోను రక్తపరీక్షలో మంచి అంకె వస్తే ఇంకా బోలెడంత టైముందని ధీమా పడతారు. ఆ పరీక్ష చెప్పేది అండాల నిల్వ ఎంతుందో మాత్రమే. ఆ అండాల్లో క్రోమోజోములు సరిగ్గా విడిపోతాయా లేదా అన్నది అందులో తేలదు. రిపోర్టు చేతికిచ్చేటప్పుడు ఈ ముక్క చెప్పకపోవడం నా దృష్టిలో చిన్న లోపం కాదు.

ఆడశిశువు కడుపులో ఉండగానే అండకణాలు తయారవుతాయి. క్రోమోజోముల సంఖ్యను సగానికి తగ్గించే క్షయకరణ విభజన మొదలుపెట్టి మధ్యలోనే ఆగిపోతాయి. ఆ పని మళ్లీ కదిలేది అండం విడుదలకు కాస్త ముందు, అంటే పదిహేనేళ్లకో నలభై ఏళ్లకో. అంతకాలమూ క్రోమోజోములను కలిపి పట్టి ఉంచేది కోహెసిన్ అనే ప్రోటీన్ సముదాయం. పుట్టకముందు పడిన ఆ కట్టు తర్వాత కొత్తగా పడుతున్నట్టు ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో కనబడలేదు. వయసుతోపాటు అది సడలుతుంది. విడిపోవలసిన ఘడియ రాకముందే జత ఊడిపోతే, ఏ క్రోమోజోము ఎటు పోతుందో చెప్పలేం. దీనికితోడు, క్రోమోజోములను అటూ ఇటూ లాగే పోగుల అమరిక, అంటే కండె (స్పిండిల్), మనిషి అండంలో గంటల తరబడి నిలకడ లేకుండా ఊగుతుంది.

అలా 21వ క్రోమోజోము ఒకటి ఎక్కువైతే డౌన్ సిండ్రోమ్. తల్లికి 20 ఏళ్లప్పుడు సుమారు 1500 కాన్పుల్లో ఒకటి, 35కి 350లో ఒకటి, 40కి వందలో ఒకటి. ఇందులో ప్రధానమైనది తల్లి వయసేనని బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త లయొనెల్ పెన్రోజ్ 1933లోనే తేల్చారు, అదనపు క్రోమోజోము సంగతి 1959లో బయటపడక ముందే. 16వది ఎక్కువైతే పిండమే నిలవదు. తొలి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగానికి ఇలాంటి తేడాలే కారణం. బరువెత్తానేమో, మెట్లెక్కానేమో అని కుమిలిపోయే తల్లికి ముందుగా చెప్పాల్సింది ఇదే.

ముప్పై అయిదు దగ్గర గోడేమీ లేదు, ముప్పు అంతకు ముందు నుంచే మెల్లగా పెరుగుతూ వస్తుంది. పైగా టీనేజీ తొలినాళ్ల అండాల్లోనూ ఈ తప్పులు ఎక్కువేనని 2019లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. కాబట్టి ‘ఎంత చిన్న వయసైతే అంత మేలు’ అనే వాదన కూడా నిలవదు.

దాత అండంతో గర్భం దాల్చినప్పుడు ముప్పును దాత వయసును బట్టే లెక్కిస్తారు, మోసే తల్లి వయసును బట్టి కాదు. ఐవీఎఫ్‌లో పిండాల క్రోమోజోములను పరీక్షించడం ఉన్నవాటిలో మంచిదాన్ని ఏరడానికే తప్ప, తప్పు జరిగిన అండాన్ని బాగుచేయదు.