ఆటోపైలట్ రాజీనామాపై విచారణ జరగాలి

మన ప్రజాజీవితంలో రాజీనామా అనే ఆచారం దాదాపు అంతరించిపోయింది. దాన్ని ఇంకా నిష్ఠగా పాటిస్తున్నది, కంప్యూటర్లో విమానం నడిపే ఆట ఫ్లైట్ సిమ్యులేటర్‌లో విమానాన్ని తనంతట తానే నడిపే ఆటోపైలట్ ఒక్కటే. శంషాబాద్ నుంచి దుబాయ్‌కి 36 వేల అడుగుల ఎత్తులో బుద్ధిగా విమానం నడుపుతూ, సరిగ్గా కెప్టెన్ గారు వంటింట్లో పెరుగన్నం కలుపుకునే వేళకి బూర ఊదేసి పదవి వదిలేస్తుంది. అభియోగం ఒకటే: ఎవరో కర్ర, అంటే విమానాన్ని తిప్పే జాయ్‌స్టిక్, కదిపారు.

తాను ముట్టుకోలేదని కెప్టెన్ గారు ఒట్టేస్తారు. చేతికి పెరుగన్నం సాక్ష్యం కూడా ఉంది. దాంతో అనుమానం విండోస్ అప్‌డేట్ మీదికి, అక్కణ్నుంచి గ్రాఫిక్స్ డ్రైవర్ మీదికి, చివరికి విమానం తయారుచేసినవాళ్ల మీదికి పోతుంది. వంద జీబీ దాటిన సిమ్యులేటర్‌ని మొత్తం పీకేసి, రాత్రంతా మళ్లీ దింపుకుంటారు. పొద్దున్నే మళ్లీ బూర.

ఈ కేసులో అసలు ముద్దాయిని చూడాలంటే విండోస్‌లో జాయ్‌స్టిక్ కాలిబ్రేషన్ తెరవాలి. చదరపు గడి మధ్యలో చిన్న కూడిక గుర్తు ఉంటుంది. చేతులు కట్టుకుని దాన్నే చూడండి. సన్నగా వణుకుతుంది. కాసేపు ఊరుకుంటుంది. ఉన్నట్టుండి ఎడమకి ఒక్క గెంతు గెంతి, ఏమీ ఎరగనట్టు మధ్యకి వచ్చి నిలబడుతుంది. లోపల కర్ర కదలికని కొలిచే పొటెన్షియోమీటర్ అరిగిందో, దుమ్ము పట్టిందో! ఆ గెంతు హద్దు దాటిందా, పైలట్ గారే పగ్గాలు తీసుకున్నారని ఆటోపైలట్ గౌరవంగా తప్పుకుంటుంది. అసలు ఎయిర్‌బస్ ఎ320 విమానంలోనైతే ఆటోపైలట్ ఉన్నంతసేపూ సైడ్‌స్టిక్ (పైలట్ పక్కనుండే కర్ర) మధ్యలో బిగిసి ఉంటుంది, గట్టిగా నెడితే తప్ప కదలదు. మన టేబుల్ మీది కర్రకి ఉన్న బందోబస్తు మాత్రం ఒక స్ప్రింగు.

సహముద్దాయి ఇంట్లో పిల్లాడి గేమ్‌ప్యాడ్. యూఎస్‌బీకి తగిలించి ఉంటే చాలు, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ అడక్కుండానే దానికీ రెక్కలు వాల్చే ఎయిలరాన్, ముక్కు ఎత్తి దించే ఎలివేటర్ అప్పగిస్తుంది. అది సోఫాలో దిండు కింద నలుగుతోందనుకోండి, ఆ పూటకి కో-పైలట్ దిండే.

పరిష్కారం మాత్రం ఏ కమిషన్‌కీ నచ్చనంత చిన్నది. గేమ్‌ప్యాడ్‌కి ఇచ్చిన అధికారాలు రద్దు చేయాలి. కంట్రోల్స్‌లో సెన్సిటివిటీ తెరిచి, జాయ్‌స్టిక్ రెండు యాక్సిస్‌లకీ (పక్కలకి, ముందువెనక్కి) డెడ్‌జోన్ నాలుగైదు శాతం పెట్టాలి. ఆ లోపు వణుకుడు ఎంత ఉన్నా విమానం పట్టించుకోదు.

కానీ మన కెప్టెన్లు ఐదు దగ్గర ఆగే రకం కాదు. ఐదుతోనే ఇంత మేలు జరిగితే నలభైతో ఎంత జరగాలని నలభై పెట్టేశారు. ఆటోపైలట్‌కి ఇప్పుడు శాశ్వత పదవి దక్కింది. ల్యాండింగ్‌లో మాత్రం కర్రని దాదాపు సగం దాకా తిప్పినా విమానానికి వినబడదు, ఆ పైన వినబడిందంటే ఒక్కసారిగా రెక్క వాల్చేస్తుంది. విమానం దిగేది పక్క గడ్డిలో. దుబాయ్ రన్‌వే వంకరగా గీశారని కెప్టెన్ గారు తాజాగా ఫిర్యాదు పెట్టారు.