బడి వంటశాలకే శిక్షణ రావాలి

2013 జులైలో బిహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో బడి భోజనం తిన్న 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. నూనె తేడాగా ఉందని వండిన మహిళ ముందే చెప్పినా ఎవరూ చెవిన పెట్టలేదని అప్పట్లో వార్తలొచ్చాయి. సరుకు బాగాలేదని మొదట పసిగట్టేది పొయ్యి దగ్గరున్న మనిషే. ఆ మనిషి మాటకు విలువ ఇవ్వని ఏర్పాటులో ఎన్ని మార్గదర్శకాలు జారీ చేసినా పిల్లలకు రక్షణ లేదు. అందుకే మధ్యాహ్న భోజన కార్మికుల శిక్షణ అంటే పరిశుభ్రత మీద ఒక పూట ఉపన్యాసంతో సరిపెట్టడం తగదు. పనిలో నేర్పు, దాంతోపాటు ‘ఈ సరుకు వండను’ అని చెప్పగల అధికారం, రెండూ వారికి దక్కాలి. వారు వద్దన్న సరుకు వివరాలు రిజిస్టర్‌లో రాసి, ప్రధానోపాధ్యాయుడు సంతకం చేసి, అదే రోజు మార్పించాలి. అలా చెప్పినందుకు ఎవరినీ పని నుంచి తీసేయకూడదు.

ఇక నేర్పు సంగతి. ప్రాథమిక పాఠశాలలో ఒక్కో విద్యార్థికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె ఇవ్వాలన్నది పీఎం పోషణ్ (మధ్యాహ్న భోజన) పథకం నియమం. ప్రాథమికోన్నత తరగతుల్లో ఇది 150, 30, 75, 7.5 గ్రాములు. ఈ లెక్కన 80 మంది చిన్నపిల్లలకు 8 కిలోల బియ్యం, 1.6 కిలోల పప్పు, 4 కిలోల కూరగాయలు, 400 గ్రాముల నూనె పడాలి. కాటా లేని వంటశాలలో ఈ అంకెలు గోడ మీద రాతలుగానే మిగిలిపోతాయి. డబ్బాతో, దోసిలితో కొలిచినప్పుడు బియ్యంలో తేడా పెద్దగా రాదు. దెబ్బ తగిలేది పప్పుకే.

కాటా ఉన్నా గరిటె దగ్గర తప్పు జరుగుతుంది. 1.6 కిలోల పప్పు ఉడికి, నీళ్లతో కలిపి 8 లీటర్లయితే, 100 మిల్లీలీటర్ల గరిటెతో ఒక్కొక్కరికి ఒకటి వడ్డిస్తే 20 గ్రాముల పప్పు అందుతుంది. అదే పప్పును సాంబారుగా 16 లీటర్లు చేసి అదే గరిటెతో ఒక్కసారే పోస్తే పిల్లవాడికి దక్కేది పది గ్రాములే. పలచన చేసిన రోజు రెండు గరిటెలు పోయాలి. ఇంకోటి, పప్పు అడుగుకు దిగుతుంది. పైపైన ముంచితే వరసలో ముందున్నవారికి నీళ్లు, చివరివారికి ముద్ద దొరుకుతాయి. కాబట్టి వడ్డించే ప్రతిసారీ గుండిగ అడుగు దాకా కలిపి ముంచాలి. చిన్న పిల్లవాడికి ఆ పూట అందాల్సిన 12 గ్రాముల మాంసకృత్తుల్లో సుమారు 7 బియ్యం నుంచే వస్తాయి, మిగిలిందంతా దాదాపు పప్పుదే. ఈ లెక్కను గుండిగ పక్కన నిలబడి, గరిటెను కొలపాత్రలో ముంచి చూపిస్తే పది నిమిషాల్లో తలకెక్కుతుంది.

బలవర్ధక బియ్యం మీద అపోహలు ఇంకా పోలేదు. మామూలు బియ్యంలో వంద గింజలకు ఒకటి చొప్పున కలిపే ప్రత్యేక గింజల్లో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 ఉంటాయి. రంగు, మెరుపు కాస్త వేరుగా ఉండటంతో ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తున్నారు. నిజానికి బియ్యప్పిండిలో ఆ పోషకాలు కలిపి, గింజ ఆకారంలో అచ్చుపోసినవే అవి. ఎక్కువసార్లు కడిగినా, గంజి వార్చినా కొంత పోషకం నీళ్లతోనే పోతుంది. సరిపడా నీళ్లు పోసి ఇగిర్చి వండటమే మేలు. ఆకుకూర తరిగాక కడగడం కూడా ఇలాంటి పొరపాటే. ముందు కడగాలి, తర్వాత తరగాలి. దించాక పప్పులో నిమ్మరసం పిండితే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అలాంటి చోట ఇది చిన్న విషయం కాదు.

గుడ్డు విషయంలోనూ చెప్పాల్సింది ఉంది. నీళ్లు మరిగిన తర్వాత పది, పన్నెండు నిమిషాలు లెక్కపెట్టాలి. ఒక్కసారిగా గుడ్లన్నీ వేస్తే నీళ్ల వేడి పడిపోయి మరగడం ఆగుతుంది. మళ్లీ మరిగినప్పటి నుంచే లెక్క మొదలవ్వాలి. పగిలినవి, నీళ్లలో పైకి తేలినవి పక్కన పడేయాలి. మరీ ఎక్కువ ఉడికిస్తే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం కడుతుంది. దాన్ని చూసి పిల్లలు పాడైందని వదిలేస్తారు. అందులో ప్రమాదం లేదు, కానీ గుడ్డు వృథా అవుతుంది.

కడుపునొప్పి, వాంతుల ఘటనల్లో ఎక్కువగా కనిపించే లోపం వేళ తప్పడమే. వండిన ఆహారం 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి. అన్నంలో ఉండే బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు మరిగినా చావవు. అన్నం గోరువెచ్చగా ఉన్నప్పుడు అవి మొలకెత్తి, పెరిగి విషం పుట్టిస్తాయి. చేతి గాయాల్లోని స్టెఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి ఆహారంలో పడినా ఇలాగే విషం పుట్టిస్తుంది. ఒకసారి విషం తయారైతే మళ్లీ కాచినా పోదు. పన్నెండున్నరకు తినే అన్నాన్ని ఎనిమిదింటికే వండి దించేయడం అందుకే తప్పు. వేలు తెగితే నీళ్లు చొరని పట్టీ వేసుకోవాలి. విరేచనాలు పట్టుకుంటే తగ్గాక కూడా రెండు రోజులు వంటశాలకు రాకూడదు. రాకపోతే డబ్బు కోసుకునే పద్ధతి ఉన్నన్నాళ్లూ ఈ సూచన అమలు కాదు. జబ్బు రోజులకు గౌరవ వేతనం ఆపకుండా, బదులు మనిషిని చూపే బాధ్యత ప్రభుత్వానిదే.

పిల్లలకు కాలిన గాయాలు కాకుండా ఉండాలంటే వడ్డించే తీరు మార్చాలి. సాంబారు గుండిగ నేల మీద, పిల్లల దారిలో ఉండకూడదు. పెద్ద గుండిగలోంచి చిన్న బకెట్‌లోకి తీసుకుని, కూర్చున్న పిల్లల దగ్గరకే వెళ్లి వడ్డించాలి.

ఎవరు అన్నం వదిలేస్తున్నారో, సెలవు తర్వాత సోమవారం ఎవరు ఆబగా మూడోసారి అడుగుతున్నారో వడ్డించేవారికే తెలుస్తుంది. ఆ మాట టీచరుకు చేరే అలవాటు చేయాలి. వండిన మనిషి కులం చూసి పళ్లెం నెట్టేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. వంట పనిలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. అలాంటి అవమానం ఎదురైన రోజు కార్మికురాలి పక్షాన ఎవరు నిలబడాలో శిక్షణలోనే స్పష్టం చేయాలి.

వంట కార్మికులకు 2009లో నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయించిన కేంద్ర ప్రమాణం నేటికీ మారలేదు. తెలుగు రాష్ట్రాలు దాన్ని 3,000కు పెంచాయి, అదీ చాలదు. ఆ వేతనంతో పనిచేసేవారిని సొంత చార్జీలతో మండల కేంద్రానికి రప్పించడం న్యాయం కాదు. శిక్షకులే బడికి వెళ్లాలి. మొదటి రోజు కాటా, గరిటె, నిల్వ గది. రెండో రోజు వారితో కలిసి వండటం, వడ్డించడం. మూడు నెలలకు మళ్లీ వచ్చి చూడటం. ప్రతి వంటశాలకూ ఒక కాటా, కొలత గరిటెలు, ఆహారంలో గుచ్చి చూసే థర్మామీటర్, నూలు ఏప్రాన్లు ఇవ్వాలి. పురుగుమందు, ఫినాయిల్, కిరోసిన్ ఆ గది గడప దాటి లోపలికి రాకూడదు. శిక్షణ రోజులకు వేతనం కట్టివ్వాలి. జూన్‌లో బడులు తెరిచేలోపు తొలి విడత పూర్తి కావాలంటే ఈ వేసవి బడ్జెట్‌లోనే దీనికి పద్దు కేటాయించాలి.